ముందు ఉద్యోగాన్ని సర్దుకోండి, తర్వాత ఎంటెక్

ప్రశ్న: నా వయసు 28. 2019లో నల్గొండ దగ్గర ఒక కాలేజీలో ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాను. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో నాలుగేళ్ల మూడు నెలలుగా పనిచేస్తున్నాను. ఒక అమెరికా బ్యాంకుకు ప్రొడక్షన్ సపోర్ట్, అంటే వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో సమస్యలొస్తే సరిచేయడం మా పని. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు. మూడు వారాలకోసారి ఆన్‌కాల్ ఉంటుంది. ఆ వారం అర్ధరాత్రి ఫోన్ మోగినా లేచి లాగిన్ కావాల్సిందే. మా ఫ్లోర్‌లోనే మోసపు లావాదేవీలను పట్టే మోడల్స్ (కంప్యూటర్ ప్రోగ్రాంలు) తయారుచేసే టీమ్ ఉంది. వాళ్ల టికెట్లు (సమస్యల ఫిర్యాదులు) నాకు వస్తుంటాయి. ఆ పని నేను చేయాలని ఎంతో కోరిక. అందుకే డేటా సైన్స్‌లోనో ఏఐలోనో ఎంటెక్ చేద్దామనుకుంటున్నాను. మా వారు ‘ఉద్యోగం మానొద్దు, ఆన్‌లైన్‌లో చెయ్యి’ అంటారు. నిజాంపేటలో కొన్న ఫ్లాట్ ఈఎంఐ ఇద్దరి జీతాల మీద నడుస్తోంది. మాతోనే ఉండే అత్తగారు పిల్లల సంగతి అడుగుతున్నారు. స్నేహితురాలేమో అమెరికా వెళ్లి ఎంఎస్ చెయ్యమంటుంది, తమ్ముడు ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష రాయమంటాడు. నిరుడు ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సులో చేరి రెండు నెలల్లో వదిలేశాను, ఈఎంఐ మాత్రం ఇంకా కడుతున్నాను. మా ఆఫీసులోనే ఇద్దరు ముగ్గురు ఉద్యోగం చేస్తూ ఎంటెక్ పూర్తి చేశారు. నాకే ఎందుకు కుదరలేదు? నేను బద్ధకస్తురాలినా? గేట్ రాయాలంటే అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళ్లాలా?
– ఒక సోదరి, నిజాంపేట

జవాబు: అమ్మా, మీరు బద్ధకస్తురాలు కాదు. మీ ఉత్తరంలోని వివరాలతోనే ఒక లెక్క వేసి చూపిస్తాను, మీరూ కాగితం మీద వేసుకోండి.

పదకొండుకు షిఫ్టు అయిపోతుంది. క్యాబ్ ఇద్దరు ముగ్గురిని దింపుకుంటూ నిజాంపేట చేరేసరికి పన్నెండు దాటుతుంది. ఏదో తిని, ఒళ్లు కాస్త తేలికపడి నిద్రపట్టేసరికి ఒకటిన్నర. ఎనిమిదిన్నరకు లేచారంటే ఏడు గంటల నిద్ర. దాన్ని తగ్గించమని నేను చెప్పను. స్నానం, వంట, అత్తగారికి కావాల్సినవి చూసేసరికి పదిన్నర అవుతుంది. ఒంటిగంట లోపు మళ్లీ బయల్దేరాలి. రోజుకు రెండు గంటలు నిజంగా మీవి. వారానికి పది. శని, ఆదివారాల్లో రిలీజులు (కొత్త సాఫ్ట్‌వేర్ మార్పులను వాడుకలోకి తెచ్చే పని) లేకపోతే, చుట్టాలు రాకపోతే ఇంకో ఆరు. అంటే మంచి వారంలో పదహారు గంటలు. ఆన్‌కాల్ వారంలో మూడు దొరికినా గొప్పే. మూడు వారాల సగటు పన్నెండు గంటలకు కూడా చేరదు.

ఇప్పుడు చదువు వైపు చూడండి. ఉద్యోగుల కోసం నడిపే ఎంటెక్‌లలో సాధారణంగా సెమిస్టరుకు నాలుగు సబ్జెక్టులు ఉంటాయి. ఒక్కోదానికి వారాంతంలో ఒకటిన్నర, రెండు గంటల క్లాసు. అది విన్నంత మాత్రాన సరిపోదు. చదువుకోవాలి, అసైన్‌మెంట్ చేయాలి, కోడ్ రాసి నడిపి చూడాలి. ఎంత పొదుపుగా వేసినా సబ్జెక్టుకు ఐదు గంటలు, మొత్తం ఇరవై. మీకున్నవి పన్నెండు. ఆ ఎనిమిది గంటల తేడాను పట్టుదల పూడ్చదు. అది నిద్రలోంచి పోతుంది, లేదా చదువులోంచి పోతుంది. నిరుడు చదువులోంచి పోయింది. నన్నడిగితే, రెండింట్లో అదే తక్కువ నష్టం.

పూర్తి చేసిన ఆ ఇద్దరు ముగ్గురిని ఒకసారి టీ దగ్గర కూర్చోబెట్టి అడగండి. ‘మీరు అప్పుడు ఏ షిఫ్టులో ఉన్నారు? ఆన్‌కాల్ ఉండేదా? ఇంట్లో వంట ఎవరు చేసేవారు?’ ఈ మూడు ప్రశ్నలు చాలు. ఉద్యోగం చేస్తూ ఎంఈ చదువుతున్నవాళ్లకు సాయంత్రం క్లాసులు చెప్పినదాన్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. మధ్యలో మానేసినవాళ్లకు తెలివి తక్కువై కాదు, చాలామందికి షిఫ్టు మారింది, లేదా ఇంట్లో పసిబిడ్డ పుట్టింది. పూర్తిచేసినవాళ్లలో ఎక్కువమందికి పని వేళలు స్థిరంగా ఉండేవి.

అందుకని నా సలహా ఒకటే. ఇప్పుడున్న ఉద్యోగాన్ని ఇలాగే ఉంచి దాని మీద ఎంటెక్ పెట్టకండి. ముందు ఉద్యోగాన్ని మార్చుకోండి. కంపెనీయే మారనక్కర్లేదు, పని మారితే చాలు. అది జరిగాకే అప్లికేషన్. మీ వారు చెప్పిన దారి వినడానికి సులువుగా ఉంది గానీ, మీ ముందున్న దారులన్నిటిలో అదే కష్టమైనది. ఎందుకంటే అందులో మీరు తప్ప ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు.

మీరు చేయాలనుకునే పని మీ ఫ్లోర్‌లోనే జరుగుతోంది. నాకు ఉత్తరంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించింది ఆ వాక్యమే, మీరు దాన్ని దారిలో చెప్పి వెళ్లిపోయారు. చాలామంది ఏఐ అనే పేరు చూసి చదువుదామనుకుంటారు. మీకు ఆ టీమ్ టికెట్లు చేతికి వస్తున్నాయి. అవి ఎందుకు వస్తాయో మీకు తెలుసు. పైనుంచి వచ్చే ఫైల్లో ఒక కాలమ్ ఫార్మాట్ మారుతుంది, మోడల్ నోరెత్తకుండా అందరికీ ఒకే స్కోరు ఇచ్చేస్తుంది. లేదా పండుగ సీజన్‌లో జనం కొనే తీరు మారి, నిజమైన కస్టమర్ల కార్డులు ఆగిపోతాయి. మోడల్ తయారుచేయడం నేర్పే కోర్సులు బోలెడు ఉన్నాయి. మోడల్ ప్రొడక్షన్‌లో ఎలా దెబ్బతింటుందో నాలుగేళ్లు దగ్గరుండి చూసినవాళ్లు తక్కువ. ఆ టీమ్‌కు మీరు కావాలి. ఆ సంగతి వాళ్లకు ఇంకా తెలియదు, అంతే.

తెలిసేలా చేయండి. వచ్చే రెండు నెలల్లో ఆ టీమ్ నుంచి వచ్చే టికెట్లు మీరే అడిగి తీసుకోండి. మూసేసి ఊరుకోకుండా, పెద్దవాటికి కారణం వెతికి ఒక పేజీలో రాసి వాళ్ల లీడ్‌కు పంపండి. ఇలాంటివి నాలుగైదు పేరుకున్నాక, వారానికి ఒకరోజు వాళ్లతో కూర్చునే అవకాశం అడగండి. తర్వాత ఐజేపీ (కంపెనీ లోపలివాళ్ల కోసం వేసే ఉద్యోగ ప్రకటన) పడినప్పుడు అప్లై చేయండి. పెద్ద కంపెనీల్లో అంతర్గత బదిలీకి మీ మేనేజర్ వదిలిపెట్టాలి, సపోర్ట్ మేనేజర్లు బాగా పనిచేసేవాళ్లను అంత తేలిగ్గా వదలరు. అందుకే విషయం మెయిల్‌లో పెట్టండి. ‘నాలుగేళ్లుగా ఈ ప్రాజెక్టులో ఉన్నాను. ఫలానా టీమ్‌కు మారాలనుకుంటున్నాను. నా స్థానంలో వచ్చేవారికి పని అప్పగించడానికి రెండు నెలలు తీసుకుంటాను. ఏ తేదీకి రిలీజ్ చేయగలరో చెప్పండి.’ ఇంతే. కారణాలు, క్షమాపణలు అక్కర్లేదు. నోటిమాటగా ‘చూద్దాంలేమ్మా’ అంటే, ‘ఇందాక మాట్లాడుకున్నట్టు’ అని మొదలుపెట్టి అదే రోజు ఇంకో మెయిల్ రాయండి.

ఆరు నెలలు గడిచినా బదిలీ కాకపోతే బయట వెతకండి. జీతం పెరగకపోయినా, జనరల్ షిఫ్టు ఉండి ఆన్‌కాల్ లేని డేటా ఉద్యోగం వస్తే తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ మారితే ఇంత శాతం హైక్ రావాలని అందరూ లెక్క చెబుతారు. మీకు ఈసారి హైక్ సమయం రూపంలో వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం పాటించండి. మీకు ఐదేళ్లు నిండటానికి ఇంకా తొమ్మిది నెలలే ఉంది. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. సర్వీసులో ప్రతి సంవత్సరానికి చివరి నెల బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో గుణించి ఇస్తారు. ఉదాహరణకు బేసిక్ 30,000 అనుకుంటే ఐదేళ్లకు 86,500 రూపాయలు దాటుతుంది. ఒక సెమిస్టరు ఫీజులో పెద్ద భాగం అందులోనే వస్తుంది. నోటీసు పీరియడ్ 90 రోజులైతే, ఆఖరి రోజు ఐదేళ్లు దాటిన తర్వాత పడేలా రాజీనామా తేదీ చూసుకోండి. పీఎఫ్ డబ్బు తీయొద్దు, కొత్త కంపెనీకి బదిలీ చేసుకోండి.

కంపెనీయే ఫీజు కడతానంటే సంతోషమే, కాకపోతే ఆ ఒప్పందం పూర్తిగా చదవండి. చదువు అయ్యాక రెండేళ్లో మూడేళ్లో ఉండాలని, మధ్యలో వెళ్తే మొత్తం తిరిగి కట్టాలని రాసి ఉంటుంది. మీరు మారాలనుకుంటున్న టీమ్‌లో ఉండగా అయితే సంతకం పెట్టండి. సపోర్ట్‌లో ఉండగా మాత్రం పెట్టొద్దు. అదే పనిలో ఇంకో మూడేళ్లు కట్టుబడిపోతారు.

బదిలీకి ప్రయత్నం జరుగుతుండగానే మీరు చేయాల్సిన చదువు కొంత ఉంది, అది డిగ్రీ కాదు. ఈసీఈలో చదివిన పీటీఎస్పీ అనే ప్రాబబిలిటీ సబ్జెక్టు గుర్తుందా? రాండమ్ వేరియబుల్స్, కండిషనల్ ప్రాబబిలిటీ, బేయిస్ సిద్ధాంతం. పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసిన ఆ సబ్జెక్టే ఇప్పుడు మీకు ఆధారం. మీ బ్యాంకు సంగతే తీసుకోండి. వెయ్యి లావాదేవీల్లో ఒకటి మోసం అనుకుందాం. ‘ఏదీ మోసం కాదు’ అని ప్రతిసారీ చెప్పే ప్రోగ్రాం కూడా 99.9 శాతం కరెక్టే అవుతుంది. అయినా దానివల్ల పైసా ఉపయోగం లేదు. సరే, ఇంకో మోడల్ నూరు మోసాల్లో 95 పట్టేస్తుంది, నిజమైనవాటిలో నూటికి రెండింటిని మాత్రం తప్పుగా ఆపుతుంది అనుకోండి. చాలా బాగుందనిపిస్తుంది. లక్ష లావాదేవీల మీద లెక్కవేయండి. అందులో మోసాలు వంద, పట్టినవి 95. నిజమైనవి 99,900, వాటిలో తప్పుగా ఆగినవి 1,998. అంటే అలారం మోగిన ప్రతి ఇరవై రెండింటిలో అసలు మోసం ఒకటే. మీ దగ్గరికి వచ్చే కస్టమర్ల ఫిర్యాదుల టికెట్లు ఎక్కడినుంచి పుడుతున్నాయో ఈ లెక్కలో ఉంది. ఇది అర్థమైతే ఇంటర్వ్యూలో సగం ప్రశ్నలకు మీరు సొంత మాటల్లో జవాబు చెప్పగలరు. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, పైథాన్, ఎస్‌క్యూఎల్. వీటిని దాటి మరేదీ ఇప్పుడు మొదలుపెట్టకండి.

దీనికి ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక కన్నా మంచి చోటు నాకు తెలియదు. ఐఐటీలు, ఐఐఎస్సీ అధ్యాపకులు చెప్పే పాఠాలు, చేరడానికి రూపాయి అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటే పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు. జనవరిలో, జులైలో మొదలవుతాయి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు ఉంటాయి. వారం వారం అసైన్‌మెంట్‌కు 25 మార్కులు, సెంటరులో కూర్చుని రాసే పరీక్షకు 75. మీరు పన్నెండు వారాల కోర్సు ఒక్కటి తీసుకోండి. ఒక్కటే. పన్నెండు వారాల్లో నాలుగు ఆన్‌కాల్ వారాలు ఎలాగూ వస్తాయి. ఆ వారాల్లో ఏమైందో, ఏ గంటల్లో చదవగలిగారో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఎంటెక్‌కు ఎన్ని గంటలు దొరుకుతాయో ఈ నోట్‌బుక్ చూస్తే తెలుస్తుంది. మార్కులు తగ్గినా బెంగపడొద్దు. ఇక్కడ కొలిచేది మీ తెలివిని కాదు, మీ వారాన్ని.

ఇక పని మారిందనుకుందాం. అప్పుడు ఏ ఎంటెక్?

బిట్స్ పిలానీ వారి విల్ప్ పేరు మీరు వినే ఉంటారు. ఉద్యోగుల కోసమే నడిపేది, గేట్ అక్కర్లేదు, నాలుగు సెమిస్టర్లు. నాలుగోది డిసర్టేషన్ (పరిశోధన నివేదిక). దాన్ని మీరు పనిచేసే సంస్థలోని పని మీదే, అక్కడి ఒక సీనియర్ మార్గదర్శకత్వంలో చేయాలి. ఇప్పుడు సపోర్ట్‌లో ఉండి చేరితే, ఏడాదిన్నర తర్వాత ఆ డిసర్టేషన్‌కు అంశం ఎక్కడ దొరుకుతుంది? మెంటర్‌గా ఎవరుంటారు? అదే మోసాల టీమ్‌లో ఉంటే మీ రోజువారీ పనే డిసర్టేషన్ అవుతుంది. ముందు పని, తర్వాత చదువు అని నేను పట్టుబట్టడానికి ఇది కూడా ఒక కారణం. కందిలోని ఐఐటీ హైదరాబాద్ కూడా ఉద్యోగుల కోసం ఎంటెక్ నడుపుతోంది. చేరే ముందు ప్రవేశ అర్హత, సెమిస్టరుకు ఎన్ని సబ్జెక్టులు, పరీక్ష తప్పితే మళ్లీ ఎప్పుడు రాయనిస్తారు అన్నవి అడిగి తెలుసుకోండి. చివరిది చాలామంది అడగరు.

నాకు మీ పరిస్థితికి మరీ నచ్చినది ఇంకొకటి ఉంది. అమెరికాలోని జార్జియా టెక్ 2014 నుంచి కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను ఆన్‌లైన్‌లో నడుపుతోంది. పది కోర్సులు, మొత్తం ఖర్చు ఏడువేల డాలర్లకు అటూ ఇటూ, అంటే ఆరు లక్షల రూపాయల పైచిలుకు. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష అడగరు. సెమిస్టరుకు ఒక్క కోర్సే తీసుకోవచ్చు, ఆరేళ్ల లోపు పూర్తి చేయొచ్చు. మొదటి ఏడాదిలో రెండు ఫౌండేషన్ కోర్సులు బీ గ్రేడుకు తగ్గకుండా దాటాలి, అది తేలికేమీ కాదు. దీనితో వీసా రాదు, క్యాంపస్ ఉండదు. కానీ మీరు ఇల్లు, ఈఎంఐ వదలకుండా వారానికి పన్నెండు గంటలతో చేయగల మాస్టర్స్ ఇది. మధ్యలో బిడ్డ పుడితే వేగం తగ్గించుకోవచ్చు, డిగ్రీ పోదు.

ఫోన్లు చేసి వెంటపడేవాళ్ల మాటకు మాత్రం డబ్బు కట్టకండి. కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు ఎంతమంది ఉద్యోగులు ప్రమోషన్ల దగ్గర ఇబ్బంది పడ్డారో నాకు గుర్తుంది. మన దేశంలో దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో ఇచ్చే ఏ డిగ్రీ అయినా యూజీసీ వారి డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ విశ్వవిద్యాలయం పేరు, ఆ కోర్సు పేరు రెండూ చూసుకున్నాకే ఫీజు. మీరు కడుతున్న సర్టిఫికెట్ కోర్సు ఈఎంఐ సంగతీ అదే. ‘నో కాస్ట్’ అని చెప్పినా, అది చాలావరకు ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చిన అప్పే. కోపంతో కట్టడం ఆపితే మీ సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు హోమ్ లోన్ ఇంకో బ్యాంకుకు మార్చుకోవాలన్నా అడ్డుపడుతుంది. ఆ కోర్సు పాఠాలు ఇంకా తెరుచుకుంటుంటే వాటిలోంచి పైథాన్ భాగం వాడుకోండి.

అమెరికా సంగతి. మీ స్నేహితురాలు మీ మేలుకోరే చెబుతోంది, నేను మాత్రం ఇప్పుడు వద్దంటాను. ఫ్లాట్ అప్పు మీద ఇంకో నలభై లక్షల అప్పు, అదీ అక్కడ ఉద్యోగం వస్తుందన్న ఒక్క ఆశ మీద. చదువు తర్వాత అక్కడ పనిచేయడానికి ఓపీటీ అనే అనుమతి ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సులకు ఇంకో రెండేళ్ల పొడిగింపు. ఆ తర్వాత హెచ్1బీ ఉద్యోగ వీసాకు లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. నిబంధనలు ఇలా మారుతున్న కాలంలో, భర్త ఉద్యోగం, ఇల్లు, పెద్దావిడ బాధ్యత అన్నీ ఇక్కడ ఉండగా, కేవలం ఒక టీమ్ మారడం కోసం ఇంత పందెం వేయొద్దు. పరిశోధనే జీవితం అనిపించి, పీహెచ్‌డీ దాకా వెళ్లాలనిపిస్తే అది వేరే ఉత్తరం. అప్పుడు మళ్లీ రాయండి. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేసే పిల్లల్ని చూసినప్పుడు నాకెప్పుడూ వాళ్ల ధైర్యం మీద గౌరవమే. మీ ధైర్యానికి ఇక్కడ వేరే పని ఉంది.

ఇంటి సంగతి నేను దాటవేయలేను. ఉదయం మీకు దొరికే రెండు గంటలు వంటింటి నుంచి మిగిలినవి. ‘ఆన్‌లైన్‌లో చెయ్యి’ అన్న మీ వారిని ఒక్క ప్రశ్న అడగండి, గొడవగా కాదు, ప్లాన్ వేసుకుంటున్నట్టు: ‘ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు ఇంటిపని ఎవరు చేద్దాం?’ ఆయన ఆఫీసుకు వెళ్లేలోపు టిఫిన్, మధ్యాహ్నం వంట తన చేతిలోకి తీసుకోవచ్చు. లేదా ఇద్దరి జీతాల్లోంచి వంటమనిషిని పెట్టుకోవచ్చు. వంటమనిషికి ఇచ్చే డబ్బును చదువు ఖర్చులో రాయండి, ఫీజుతో పాటు. అది విలాసం కాదు. ఆదివారాలు చుట్టాలు వస్తే మీరు తలుపు వేసుకుని కూర్చునే హక్కు గురించి ఆయనే వాళ్లమ్మగారికి చెప్పాలి. మీరు చెబితే కోడలు పొగరు అవుతుంది, కొడుకు చెబితే ఇంటి పద్ధతి అవుతుంది. ఇది న్యాయం కాదని నాకు తెలుసు. అయినా మనం బతికే ఇళ్లు అవే కాబట్టి చెబుతున్నాను.

పిల్లల గురించి మీ అత్తగారు అడగడం సహజం. నిర్ణయం మీ ఇద్దరిదే. చదువు కోసం వాయిదా వేయాలా, పిల్లల కోసం చదువు వాయిదా వేయాలా అని మీకు మీరే పోటీ పెట్టుకుంటున్నట్టున్నారు. 28 ఏళ్లకు రెండింటికీ సమయం ఉంది. అందుకే సెమిస్టరుకు ఒక్కో కోర్సుగా సాగే చదువును మెచ్చుకున్నాను. ఏ డిగ్రీలో చేరినా, సెమిస్టరు వదిలి మళ్లీ చేరడానికి నిబంధనలు ఏమంటున్నాయో ముందే చదివి పెట్టుకోండి.

బదిలీ జరిగినా, కొత్త ఉద్యోగంలో చేరినా, అప్లికేషన్ పెట్టే ముందే కొత్త మేనేజర్‌కు చెప్పండి. దాచి చదవొద్దు. పరీక్షల ముందు రెండు రోజులు సెలవు, ఆ వారం రిలీజు వేరొకరికి. ఈ రెండే అడగండి. మొదటి సెమిస్టరు ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ఉండేలా చూసుకుంటే ఇంకా మంచిది. అమెరికా బ్యాంకుల్లో నవంబరు చివరి నుంచి సంవత్సరాంతం దాకా చాలాచోట్ల ప్రొడక్షన్‌లో మార్పులు ఆపేస్తారు. ఆ ఫ్రీజ్ రోజులెంత తేలికో మీకు నేను చెప్పనక్కర్లేదు. సెమిస్టరు చివరి పరీక్షలు సరిగ్గా అప్పుడే పడతాయి.

చివరిగా గేట్. మీ తమ్ముడి సలహాను కొట్టిపారేయొద్దు. 2024 నుంచి గేట్‌లో డేటా సైన్స్, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కు విడిగా డీఏ పేపర్ ఉంది. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, ప్రోగ్రామింగ్, డేటాబేస్‌లు, మెషీన్ లెర్నింగ్ దాని సిలబస్‌లో ఉన్నాయి. పైన మిమ్మల్ని చదవమన్నవి చాలావరకు ఇవే. 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు, ఫిబ్రవరిలో పరీక్ష. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఉద్యోగం మానకుండా రాసిపెట్టుకోండి. ఎప్పుడైనా రెండేళ్లు పూర్తిగా క్యాంపస్‌లో చదవాలనిపిస్తే పనికొస్తుంది. ఫుల్‌టైమ్ ఎంటెక్‌లో గేట్ అర్హతతో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. ఈఎంఐ ఉన్న ఇంటికి అది సరిపోదు కాబట్టి ఇప్పుడే మానేసి కూర్చోమని చెప్పడం లేదు.

అమీర్‌పేట కోచింగ్ మీకు అక్కర్లేదు. మీ షిఫ్టుకు ఆ బ్యాచ్‌ల వేళలు కుదరవు, వారాంతపు బ్యాచ్‌లో చేరితే ఉన్న ఆరు గంటలూ నిజాంపేట నుంచి వెళ్లి రావడంలో, క్లాసులో అయిపోతాయి. గత సంవత్సరాల డీఏ పేపర్లు గేట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొదటి పేపర్‌ను ఏమీ చదవకుండానే ఒక ఆదివారం టైమ్ పెట్టుకుని రాయండి. ప్రాబబిలిటీ ప్రశ్నల్లో ఎన్ని వచ్చాయో చూసి, ఎన్‌పీటెల్‌లో ఏ కోర్సుతో మొదలుపెట్టాలో ఆ రోజే తేల్చుకోండి.